కళింగపట్నంలో ఒక రోజుకు బోటు: ఏడు వేల బేరం, నాలుగున్నర గంటల ఇసుక

నేను శ్రీకాకుళంలో చిన్న ట్రావెల్స్ నడుపుతాను. అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం తిప్పే కార్లు, పెళ్లిళ్లకు టెంపో ట్రావెలర్లు మా అసలు వ్యాపారం. బోటు కావాలని అడిగేవాళ్లు ఎక్కువగా కార్తీక మాసంలోనూ సంక్రాంతి సెలవుల్లోనూ వస్తారు. ఏడాది మొత్తం మీద పదిహేను, ఇరవై బేరాలు. ఇప్పుడు రాస్తున్నది వాటిలో ఒకటి.

ఇందులో ఎవరికీ దెబ్బ తగల్లేదు. పేపర్లో రాలేదు. పోలీసులు రాలేదు. దెబ్బ తగిలిన కేసైతే తప్పు ఎక్కడుందో పదిమందీ వెతుకుతారు. తగలకపోతే ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పుకుని మర్చిపోతాం. నేనూ అలాగే మర్చిపోయేవాణ్ణి. మొదట ఇంజనును తిట్టుకున్నాను, తర్వాత బోటు నడిపినాయన్ని. నేను రాసిచ్చిన కాగితంలో ఒక వాక్యమే ఇదంతా చేసిందని తెలియడానికి పది రోజులు పట్టింది.

అడిగింది ఎవరు, ఏమడిగారు

రిటైరైన మాస్టారు ఒకాయన. ఇద్దరు కొడుకులు హైదరాబాదులో, కూతురు బెంగళూరులో. పండక్కి అందరూ వచ్చారు. పెద్దాళ్లు ఎనిమిది మంది, పిల్లలు ఐదుగురు, మొత్తం పదమూడు. పిల్లల్లో చిన్నదానికి నాలుగేళ్లు. మాస్టారి భార్యకి మోకాళ్ల నొప్పులు. ఈ చివరి రెండు వివరాలూ ఫోన్లో చెప్పలేదు, నేను అడిగాను. ఎంతమంది అని అందరూ చెప్తారు, ఎలాంటివాళ్లో అడిగితేనే చెప్తారు.

పెద్దబ్బాయి కోరిక సముద్రం. "బ్రదర్, ఒక బోటు మాట్లాడండి, కళింగపట్నం నుంచి సముద్రంలోకి ఒక పది కిలోమీటర్లు వెళ్లి వద్దాం. గోవాలో వెళ్లాం, బాగుంటుంది" అన్నాడు.

ఈ మాట ప్రతి సంక్రాంతికీ వింటాను. ప్రతిసారీ ఒకటే జవాబు. మన తీరంలో ఒడ్డున కనిపించే ఫైబర్ బోట్లు వేట బోట్లు. వాటి రిజిస్ట్రేషన్ వేటకి, ఇన్సూరెన్సు ఉంటే అదీ వేటకే. టూరిస్టులను ఎక్కించుకుంటే ఏదైనా జరిగిన రోజు ఆ కాగితాలు ఎందుకూ పనికిరావు. పైగా మనకి గోవాలా జెట్టీ మీద నుంచి అడుగు వేసి ఎక్కే సదుపాయం లేదు. ఇసుక మీద నుంచి బోటును నీళ్లలోకి తోసి, కెరటాలు విరిగే చోట సందు చూసుకుని దాటాలి. వేటకెళ్లేవాళ్లకి అది రోజూ చేసే పని. చేతిలో సెల్‌ఫోన్, ఒళ్లో నాలుగేళ్ల పిల్ల ఉన్నవాళ్లకి అదే అన్నిటికన్నా ప్రమాదమైన పది నిమిషాలు. జనవరిలో సముద్రం మిగతా నెలలతో చూస్తే మెత్తగానే ఉంటుంది, కాదనను. అయినా విరిగే కెరటం విరిగే కెరటమే.

అందుకని నది చెప్పాను. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తుంది. అలా కలిసే చోటే మొగ. అక్కడి నుంచి నది వెంబడి పైకి వెళ్తే దక్షిణపు ఒడ్డున శాలిహుండం కొండ. బౌద్ధ స్తూపాలు, చైత్యాలు, చిన్న మ్యూజియం. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తించి లోకానికి చెప్పిన చోటు అది. మాస్టారు తెలుగు మాస్టారు కావడంతో గిడుగు పేరు వినగానే బేరం కుదిరిపోయింది. పెద్దబ్బాయి మొహం మాత్రం చిన్నబోయింది. ఆ చిన్నబోవడం తర్వాత ఖర్చు పెట్టించింది, చెప్తాను.

బోటు, మనిషి

నది మీద మనుషుల్ని ఎక్కించుకోవడానికి కాగితాలున్న బోట్లు మా వైపు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దేశం మొత్తానికి ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం 2021లో కొత్తగా వచ్చింది, 1917 నాటి పాతదాన్ని తీసేసి. రిజిస్ట్రేషన్, సర్వే అందులో ఉన్నాయి. చట్టం కన్నా జనాన్ని ఎక్కువ మార్చింది మాత్రం 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన ప్రమాదం. అంతకుముందు లైఫ్ జాకెట్టు ఇస్తే "ఉక్కపోత" అని పక్కన పడేసేవారు. ఇప్పుడు వాళ్లే అడుగుతున్నారు. వేసుకున్నాక ఫొటో దిగి తీసేస్తారు, అది వేరే సంగతి.

నేను మాట్లాడిన బోటు ఇరవై నాలుగు అడుగుల ఫైబర్ బోటు, వెనక పదిహేను హార్స్‌పవర్ అవుట్‌బోర్డు ఇంజను. నడిపేవాళ్లతో కలిపి పదహారు మందికి అనుమతి. మావాళ్లు పదమూడు, నేనొకణ్ణి, బోటువాళ్లిద్దరు. సరిగ్గా సరిపోయింది. సరిగ్గా సరిపోవడం మంచిది కాదని ఇప్పుడు తెలుసు. ఖాళీగా ఉంటే ఆ బోటు అడుగున్నర నీళ్లలో తేలుతుంది. పదహారు మంది ఎక్కి, ఇంజను కాలు కిందికి దిగాక రెండున్నర, మూడు అడుగుల నీరు కావాలి. సముద్రంలో ఈ తేడా ఎవరికీ పట్టదు. జనవరిలో వంశధారలో ఆ తేడాయే సర్వం.

నడిపేది యాభై దాటిన పెద్దాయన. ఈ జిల్లాలో చాలామంది మత్స్యకారుల్లాగే ఆయనా గుజరాత్ వెళ్లి వీరావల్ బోట్ల మీద పనిచేశాడు, కళాసీగా, అంటే బోటు మీద పనివాడిగా వెళ్లి, బోటు నడిపించే తండేలు అయ్యాడు. శ్రీకాకుళానిది రాష్ట్రంలోనే పొడవైన తీరాల్లో ఒకటి. అయినా మన కుర్రాళ్లు దేశం అటు చివరకు వెళ్లి వేటాడాలి, దాని గురించి ఇక్కడ మొదలుపెడితే ఆగదు. ఆయన్ని నేను మావా అంటాను, ఆయన నన్ను బాబూ అంటాడు. వంశధార మొగలో ఇసుక ఈ ఏడు ఎటు తిరిగిందో ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలియదు. మొగ ఒక్కచోట ఉండదు. వరదకి ఒకలాగ, కెరటాలకి ఒకలాగ ఇసుక జరుగుతూ ఉంటుంది. నిరుడు బోటు వెళ్లిన దారిలో ఈ ఏడు పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు.

ఒప్పందం అర పేజీ. రోజుకు ఏడు వేలు, బోటుకీ ఇద్దరు మనుషులకీ కలిపి. పెట్రోలు వేరే. అవుట్‌బోర్డు ఫుల్లుగా నడిస్తే గంటకి ఆరు లీటర్ల దాకా తాగుతుంది, అందుకని ఇరవై లీటర్లకి డబ్బులు విడిగా పెట్టాం. మూడు వేలు అడ్వాన్సు. మిగతా నాలుగు వేల గురించి నేను రాసిన వాక్యం ఇది: "శాలిహుండం చేర్చి, తిరిగి కళింగపట్నం తెచ్చిన తర్వాత మిగతా సొమ్ము ఇవ్వబడును." కారు బేరాల్లో పదేళ్లుగా రాస్తున్న వాక్యమే. డ్రైవరు మధ్యలో వదిలేసి పోకుండా పెట్టుకున్నది. ఊరి పేర్లు మార్చి బోటుకీ అదే రాసేశాను.

పోటు లెక్క

ఇక్కడ కాస్త నెమ్మదిగా చెప్పాలి, కేసంతా దీని మీదే ఉంది.

ఎగువన నది మీదున్న గొట్టా బ్యారేజీ దగ్గర నుంచి కిందికి నీరు పెద్దగా రాని రోజుల్లో వంశధార చివరి కిలోమీటర్లు దాదాపు సముద్రం చేతిలో ఉంటాయి. పోటుకి నిండుతుంది, పాటుకి దిగుతుంది. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, ఒక్కోదానికీ మధ్య ఆరు గంటల పైచిలుకు. ఏ రోజుకారోజు ముప్పావు గంట, యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. మా తీరంలో పాతవాళ్లకి తిథి చెప్తే పోటు వేళ చెప్తారు. పౌర్ణమికీ అమావాస్యకీ పొద్దున్న తొమ్మిది ప్రాంతంలో పోటు, మూడు దాటాక పాటు. తిథి జరిగేకొద్దీ వేళ జరుపుకోవాలి. ఆ రెండు తిథుల చుట్టుపక్కలే నీరు బాగా ఎక్కుతుంది, అంత బాగానూ దిగుతుంది. ఎక్కువ తక్కువల మధ్య మీటరున్నర దాకా తేడా ఉంటుంది.

మా రోజు పౌర్ణమి వెళ్లిన విదియ. మొగ దగ్గర పోటు పదిన్నరకి. నది పైకి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యంగా చేరుతుంది, శాలిహుండం దగ్గర పదకొండుంబావు అనుకోండి. కాబట్టి ఎక్కే నీటి మీద ఎనిమిదికి బయల్దేరి, తొమ్మిదింబావుకి చేరి, రెండు గంటలు కొండా మ్యూజియం చూసి, పదకొండున్నరకల్లా నిండు నీటి మీద తిరుగు ప్రయాణం. ఒంటిగంటకి బీచ్‌లో భోజనాలు. కాగితం మీద ముచ్చటగా ఉంది.

మాస్టారికి ఫోన్లో చెప్పింది మాత్రం "ఎనిమిదికల్లా రండి" అని. ఎందుకో చెప్పలేదు. పోటు గురించి చెప్తే భయపడతారనుకున్నాను. చెప్పి ఉంటే తొమ్మిదికన్నా వచ్చేవారేమో.

ఆ రోజు

అసలు వాళ్లు కనుమ రోజే అడిగారు. మాస్టారి భార్య ఒప్పుకోలేదు. కనుమ నాడు కాకైనా కదలదంటారు, మీరు పిల్లల్ని నీళ్ల మీదకి తీసుకెళ్తారా అని. సరే, ముక్కనుమ. ఆ రోజు ఎనిమిదికి నేను, మావ, ఆయన మేనల్లుడు ఒడ్డున ఉన్నాం. ఎనిమిదిన్నరకి ఫోన్ చేస్తే టిఫిన్లు అవుతున్నాయి. తొమ్మిదిన్నరకి ఒక కారు బయల్దేరింది, రెండోది కూల్‌డ్రింకుల దగ్గర ఆగింది. పండగ ఇంట్లో పదమూడు మంది గడప దాటడమంటే మాటలు కాదు, నాకూ ఇల్లుంది. అందరూ ఒడ్డుకి చేరేసరికి పదకొండుకి పది నిమిషాలు.

అప్పటికి మొగ దగ్గర పోటు నిలబడిపోయింది. మావ నీళ్లకేసి చూసి నా పక్కకి వచ్చి మెల్లగా అన్నాడు.

"నీరు తిరిగిపోనాది బాబూ. ఎల్డం ఎల్లొచ్చు. రాడమే కష్టం. ఈయాల మొగ కాడ ఓ సుట్టు తిప్పీసి, రేపు పొద్దున్నే శాలిహుండం ఎల్దుమా?"

నేను ఆ మాట మాస్టారికి చెప్పాను. మాస్టారు సరేననేవారే. పెద్దబ్బాయి ముందుకొచ్చాడు. సముద్రం పోయింది, ఇప్పుడు నది కూడా పోతోందన్న కోపం అతనిది. రేపు రాత్రి వాళ్లకి రైలు. "మనం మాట్లాడుకున్నది శాలిహుండం కదా బ్రదర్? చుట్టు తిప్పితే ఫుల్ అమౌంట్ ఎలా ఇస్తాం?" అన్నాడు. అందులో తప్పేం లేదు. నేను రాసిన కాగితంలో అలాగే ఉంది.

మావ నా మొహం చూశాడు. నేను ఏమీ అనలేదు. ఆ రెండు మూడు క్షణాలు ఇప్పటికీ గుర్తొస్తాయి. నాలుగు వేలు ఆయనకి పెద్ద మొత్తం, పండగ అప్పులున్న వారం. "అలగైతే బేగి ఎక్కండి" అని మోకు విప్పాడు.

జాకెట్ల దగ్గర మాత్రం నేను తగ్గలేదు. పెద్దవాళ్లవి బోటులోవి, పిల్లలవి ఐదూ నా షాపు నుంచి తెచ్చినవి. పెద్దల జాకెట్టు పిల్లలకి వేస్తే నీళ్లలో పడినప్పుడు జాకెట్టు తేలుతుంది, పిల్ల కిందికి జారుతుంది. వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. గడ్డం దాకా లేచిందంటే వదులు, మళ్లీ బిగించాలి. నాలుగేళ్ల పిల్లకి కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ కూడా కట్టాను. ఏడ్చింది, కట్టాను.

పన్నెండుంబావుకి శాలిహుండం రేవు చేరాం. దారంతా బ్రహ్మాండం. కొంగలు, ఒడ్డున కొబ్బరి తోటలు, పిల్లలు పలాస జీడిపప్పు పంచుకుంటూ పాటలు. నీరు నిండుగానే కనిపించింది. ఇక్కడే అందరూ మోసపోతారు. నీరు తిరిగిన మొదటి గంటలో పెద్దగా దిగదు. మూడో గంటలోనూ నాలుగో గంటలోనూ మొత్తం దిగాల్సినదాంట్లో సగం దిగిపోతుంది. దిగినప్పుడు చూస్తే నది నిండుగా ఉంటుంది, తిరిగొచ్చి చూస్తే ఒడ్డు పదడుగులు పెరిగి ఉంటుంది.

ఒంటిగంటకల్లా వెనక్కి రావాలని మావ చెప్పాడు. నేనూ చెప్పాను. మామ్మగారు మెట్లెక్కడానికి అరగంట పట్టింది. మ్యూజియంలో మాస్టారు మనవలకి తార విగ్రహం చూపించి పాఠం మొదలుపెట్టారు. ఆయన్ని తొందరపెట్టడానికి నాకు నోరు రాలేదు, నన్ను ఆరో తరగతిలో కొట్టిన మాస్టారిలాగే ఉంటారాయన. కొండ మీద ఫొటోలు. తెచ్చుకున్న పులిహోర అక్కడే తినేద్దామన్నారు. బోటు కదిలేసరికి రెండుంబావు దాటి ఐదు నిమిషాలు.

ఇసుక

అరగంట బాగానే వచ్చాం. మావ ముందు నిలబడి గెడకర్రతో లోతు చూస్తున్నాడు, మేనల్లుడు ఇంజను దగ్గర. పొద్దున్న మొల లోతున్న చోట మోకాటి లోతు. మూడుకి పది నిమిషాలప్పుడు బోటు అడుగున గరగరమని చప్పుడు వచ్చింది. ఆగిపోయాం. నది మధ్యలో, ఒడ్డుకి రెండు వందల గజాల దూరంలో.

మేనల్లుడు చేసిన పని ఏ కుర్రాడైనా చేసేదే. ఇంజను వెనక్కి వేసి గట్టిగా రేజ్ చేశాడు. అవుట్‌బోర్డు ఇంజను నదిలో నీళ్లనే లోపలికి లాక్కుని చల్లబడుతుంది. నడుస్తున్నంతసేపూ పక్క నుంచి సన్నటి ధార బయటికి పడుతుండాలి, అది పడుతోందంటే చల్లబడుతోందని. ఇసుకలో కూరుకున్నప్పుడు రేజ్ చేస్తే నీళ్లతో పాటు ఇసుకా లోపలికి పోతుంది. లోపల నీళ్లు తోసే రబ్బరు ఫ్యాను రెక్కలు అరిగిపోతాయి. ధార సన్నబడి ఆగిపోయింది. వెంటనే టక్ మని, బయట నీళ్లలో తిరిగి బోటును నడిపే ఫ్యాను పిన్ను విరిగింది. ఆ పిన్ను విరగడానికే పెడతారు, గేర్లు పోకుండా. స్పేరు పిన్ను ఉంది. లోపలి రబ్బరు ఫ్యానుకి స్పేరు లేదు.

మగవాళ్లం దిగి తోద్దామన్నాడు చిన్నబ్బాయి. మావ ఆపాడు. గెడకర్ర పక్కన గుచ్చితే ఒకచోట గట్టి ఇసుక, రెండడుగుల అవతల కర్ర మూరెడు దిగబడింది. బురద. మావా నేనూ మాత్రం దిగి, పెద్దవాళ్లందర్నీ బోటులో వెనక్కి జరగమని, ముందు భాగం తేలితే తోసి చూశాం. జరిగింది జానెడు. ఈలోగా నీరు మరో రెండంగుళాలు తగ్గింది. పాటులో తోసేకొద్దీ అలసటే. పదిహేను నిమిషాలకి మావ లంగరు వేసేశాడు. నీరు మళ్లీ ఎక్కినప్పుడు బోటు ఎటో కొట్టుకుపోకుండా.

లెక్క వేసుకున్నాను. ఇక్కడ నీరు ఐదున్నర దాకా దిగుతూనే ఉంటుంది. మళ్లీ ఎక్కి బోటు తేలాలంటే ఏడు దాటాలి. సంక్రాంతి రోజుల్లో ఐదున్నర దాటితే సూర్యుడుండడు. పిల్లలు, మోకాళ్ల నొప్పుల మనిషి, చీకటి, చలి. తేలేదాకా కూర్చోవడం కుదరదు.

పెద్దబ్బాయి 112కి కొడదామన్నాడు. కొట్టినా తప్పు లేదు. తీరంలో మెరైన్ పోలీసులది 1093, సముద్రంలో అయితే కోస్ట్‌గార్డుది 1554, రెండూ నా ఫోన్లో ఉంటాయి. నాలుగున్నర దాకా మనవల్ల కాకపోతే 1093కి కొడతానని అందరి ముందూ చెప్పాను. వేళ చెప్పడం వల్ల ఒక మేలు జరిగింది, గొడవ ఆగింది. మన లొకేషన్ మాత్రం అప్పుడే షాపులో ఉన్న మా తమ్ముడికి వాట్సాప్‌లో పంపాను. ఫోన్ చార్జింగ్ ఉన్నప్పుడే చేయాల్సిన పని అది.

మావ ఎవరికో ఫోన్ చేశాడు. ముప్పావు గంటకి దిగువ నుంచి ఒక నాటు నావ వచ్చింది. చెక్కది, చదునైన అడుగు, ఇంజను లేదు, ఒక ముసలాయన గెడ వేసుకుంటూ. అడుగు నీళ్లుంటే చాలు దానికి. ఒక్కో దఫాకి నలుగురైదుగురు చొప్పున మూడు దఫాల్లో దక్షిణపు ఒడ్డుకి చేర్చాడు. పెద్ద దిగ్గజంలా కనిపించే మన ఫైబర్ బోటు పక్కన ఆ నావ చెప్పులా ఉంది. జాకెట్లు తీయకుండానే దిగమన్నాను. మామ్మగారిని దించడానికి మావా, అల్లుడుగారూ చేతులు కలిపి కుర్చీ కట్టారు. ఆవిడ అందరికన్నా నిబ్బరంగా ఉంది. "కాకి మాట విన్నాం గానీ పడవాయన మాట వినలేదు" అంది. అందరం విననట్టు ఊరుకున్నాం.

ఐదుంబావుకి ఆటోల్లో కళింగపట్నం. నేను మళ్లీ బోటు దగ్గరికి వెళ్లాను. ఏడున్నరకి బోటు దానంతటదే తేలింది. ఇంజను లేదు కాబట్టి గెడా తెడ్డూ వేసుకుంటూ రేవుకి చేర్చేసరికి తొమ్మిది. దారిలో మావ ఒక్క మాటా అనలేదు. లైటుహౌసు వెలుగు కనిపించాక బీడీ ముట్టించాడు.

డబ్బుల సంగతి

మాస్టారు మొత్తం డబ్బులిచ్చేశారు, నేను వద్దన్నా. బోటు అద్దె ఏడు వేలూ, పెట్రోలూ మావకి చేరాయి. నా రెండు వేల కమీషన్ తిరిగిచ్చేశాను. నావ ముసలాయనకి పదిహేను వందలు, ఆటోలకి తొమ్మిది వందలు, ఇంజను రబ్బరు ఫ్యాను, పిన్నులు, మెకానిక్ కూలీ కలిపి ఇరవై ఆరు వందలు నేనే పెట్టుకున్నాను. కూడితే నాకు పోయింది ఏడు వేలు. సరిగ్గా ఒక రోజు బోటు అద్దె.

రిపేరు డబ్బు మావ పెట్టుకోవాలని మా తమ్ముడన్నాడు. అతని మేనల్లుడు రేజ్ చేశాడు కదా అని. నేనూ వారం రోజులు అలాగే అనుకున్నాను. "తెలిసీ ఎందుకెళ్లాడు? గట్టిగా వద్దని ఉంటే సరిపోయేది" అని నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

పదో రోజున మెకానిక్ షెడ్డు దగ్గర మావ కలిశాడు. ఆ మాటే అడిగేశాను. మనసులో పెట్టుకోవడం నాకు చేతకాదు.

"గట్టిగానే సెప్పీసును బాబూ" అన్నాడు. "కాయితం మీద నువ్వు అలగ రాసీసినాక నానేటి సెప్పగలను? ఎల్తే ఏడు ఏలు, ఎల్లకపోతే మూడు. నన్ను ఎల్లమని సెప్పింది నువ్వు గదా."

నేను ఎల్లమని చెప్పలేదు అనబోయి ఆగిపోయాను. కారు డ్రైవరుకి రోడ్డు ఎప్పుడూ ఉంటుంది. వెళ్లకపోతే అది అతని బద్ధకం. బోటు నడిపేవాడికి దారి రోజుకి నాలుగుసార్లు మారుతుంది, వెళ్లకపోవడం చాలాసార్లు అతని పనితనమే. ఆ పనితనానికి నేను నాలుగు వేలు జరిమానా రాసి పెట్టాను.

ఇప్పుడెలా చేస్తున్నాను

వాక్యం తీసేశాను. ఇప్పుడు రాసేది ఇలా ఉంటుంది: చెప్పిన వేళకి బోటు, మనుషులు, జాకెట్లు, పెట్రోలు రేవులో సిద్ధంగా ఉంటే రోజు అద్దె పూర్తిగా చెల్లు. బోటు కదిలినా, కదలకపోయినా. ఎక్కడిదాకా వెళ్లాలి, ఎప్పుడు తిరగాలి అన్నది నడిపేవాడి మాట. డబ్బు నేను పొద్దున్నే, ఎవరూ ఎక్కకముందే ఇచ్చేస్తాను, అందరి ఎదురుగా. ఈ చివరిది మొదట్లో నాటకంలా అనిపించింది. కానీ మావ "వద్దు" అన్నప్పుడు అది డబ్బు కోసం కాదని ఎక్కేవాళ్లకి అప్పుడే తెలుస్తుంది.

కస్టమర్లకి రెండు వేళలు రాసిస్తాను. ఒకటి ఒడ్డుకి రావాల్సిన వేళ, రెండోది అది దాటితే శాలిహుండం లేదు, మొగ దగ్గర చుట్టు మాత్రమే అనే వేళ. పక్కనే తిథి, పోటు వేళ. చదువుకున్నవాళ్లు సముద్రం సంగతులు చెప్పే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ వాళ్ల అలల సమాచారం ఫోన్లో చూసుకోవచ్చు, నేనూ ముందు రోజు సాయంత్రం చూస్తాను. మేమంతా కళింగపట్నంలో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో రేడియోలో వింటూ పెరిగినవాళ్లం, ఆ అలవాటు పోదు. కానీ సూచిక తుపానుకి ఎగరేస్తారు. నదిలో ఇసుకకి ఎవరూ జెండా ఎగరేయరు.

పదహారు మంది బోటులో ఇప్పుడు పదకొండు మందికి మించి ఎక్కించను, పిల్లా ఒక మనిషే. దీనికి కొందరు వేరే వాళ్ల దగ్గరికి పోయారు, పోనీ. బోటులో స్పేరు రబ్బరు ఫ్యాను, నాలుగు పిన్నులు, రెండు టార్చి లైట్లు, ఒక విజిల్ డబ్బాలో పడి ఉంటాయి. నావ ముసలాయన నంబరు కూడా. ఆయన దగ్గర చిన్న ఫోనే, రింగు వినపడదు, ఇంకెవరిదైనా నంబరు చూడాలి.

ఈ పద్ధతి వల్ల నష్టం లేదని చెప్పను. తర్వాత ఏడాదిలో మూడుసార్లు బోటు కదలకుండానే అద్దె ఇచ్చాను. అందులో రెండుసార్లు కస్టమర్లు సగం భరించారు, ఒకసారి మొత్తం నా నెత్తినే పడింది. మావ ఊరికే కూర్చుని డబ్బు తీసుకుంటాడేమో, రేపట్నుంచి రోజూ వద్దంటాడేమో అని మా తమ్ముడి అనుమానం. నాకూ ఒక మూల ఉండేది.

మూడోసారి ధనుర్మాసం. విశాఖ నుంచి వచ్చిన స్నేహితులు, ఏడుగురు. ఏడింటికే రేవులో ఉన్నారు, ఒక్క నిమిషం ఆలస్యం లేదు. ఆ వేళకి పోటు బాగుంది. నది మీద మంచు మాత్రం అవతలి ఒడ్డు కనపడనంతగా ఉంది. మావ టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని చాలాసేపు నీళ్లకేసి చూశాడు. "ఈయాల వొద్దు బాబూ. తొమ్మిదికి ఇడతాది గానీ అప్పుటికి నీరుండదు" అన్నాడు. వాళ్లలో ఒకతను నన్ను నానా మాటలూ అన్నాడు. నేను ఏడు వేలూ లెక్కపెట్టి మావకి ఇచ్చాను. ఆయన అందులోంచి రెండు వేలు తీసి తిరిగి నా జేబులో పెట్టి, టీ డబ్బులు కూడా తనే ఇచ్చి, వల బాగుచేసుకోవడానికి వెళ్లిపోయాడు.

ఆ ఏడుగుర్నీ కారులో రోడ్డు మీద శాలిహుండం తీసుకెళ్లాను. పదింటికి కొండెక్కేసరికి మంచు విడిపోయింది. కింద వంశధార మధ్యలో ఇసుక మెట్ట బయటపడి తెల్లగా మెరుస్తోంది, దాని మీద నాలుగు గేదెలు నిలబడి ఉన్నాయి. నన్ను తిట్టినతను ఫోన్ తీసి దాన్ని ఫొటో తీసుకున్నాడు.